కుర్చీ దొరకని పాటలు

సికాసో బస్టాండు ఎదుట, టైర్ల కొట్టుని ఆనుకుని, ఒక పెద్ద గొడుగు కింద జుమానా డెంబెలే కూర్చుని ఉంటాడు. ఆ గొడుగు ఒకప్పుడు ఎర్రగా ఉండేదని అతనంటాడు, మనం నమ్మాలి. బల్ల మీద మూత విరిగిన ల్యాప్‌టాప్, కార్డులు దూర్చే చిన్న డబ్బా, ఒక మైకు, దాని స్పీకరు. ఇంతే అతని దుకాణం. ఊళ్ళోవాళ్ళు ఫోన్లలోంచి మెమరీ కార్డులు పీకి అతని చేతిలో పెడతారు, కావలసిన పాటలు చెబుతారు, అతను ఎక్కించి ఇస్తాడు. కొందరికి పాట పేరు రాదు, కూనిరాగం తీస్తారు. జుమానా కళ్ళు మూసుకుని విని, "అమ్మా, నువ్వు రెండు పాటలు కలిపి ఒకటి చేశావు," అని ఆ రెండూ ఎక్కిస్తాడు.

మనిషికి యాభై నాలుగేళ్ళు. కాడియోలో అనే ఊరి వైపు పత్తిచేల మధ్య పుట్టాడు. పత్తి ఏరే పనికన్నా పత్తి ఏరేవాళ్ళు పాడే పాటల మీద ధ్యాస ఎక్కువని తండ్రి తిట్టి పట్నం పంపేశాడు. మొదట తోపుడుబండి మీద క్యాసెట్లు అమ్మాడు. క్యాసెట్లు పోయాయి, ఇక వీడి పని అయిపోయిందని బజారు తీర్మానించింది. సీడీలు తెచ్చాడు. సీడీలూ పోయాయి, బజారు మళ్ళీ అదే తీర్మానం చేసింది. ఇప్పుడు కార్డులు. ఇప్పుడు కూడా ఎవడో ఒకడు ఫోను ఊపుతూ వచ్చి, "ఇందులో నెట్టు ఉంది, ఇక నువ్వెందుకు ముసలాయనా?" అంటాడు. "అడిగింది ఎవడైనా ఇస్తాడు నాయనా. అడగంది ఇచ్చేవాణ్ణి నేను," అంటాడు జుమానా.

అది ఉత్తినే అన్న మాట కాదు. డిసెంబరు వచ్చి, ఎడారి దుమ్ముతో గాలి పొడిబారి, పెదాలు పగలడం మొదలవగానే అతనికి ఒక పిచ్చి పడుతుంది. ఆ ఏడాదంతా తన దగ్గరికి వచ్చిన ఆల్బంలలో ఎవరూ ఒక్కసారి కూడా అడగనివి ఏరి పక్కన పెడతాడు. వాటిని "కుర్చీ దొరకనివి" అంటాడు. మా పెళ్ళిళ్ళకి కుర్చీలు అద్దెకు తెస్తారు, ఎన్ని తెచ్చినా చాలవు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు గోడకి ఆనుకుని కాసేపు నిలబడి, అన్నం పళ్ళెం తమదాకా రాకముందే మొహమాటంగా వెళ్ళిపోతారు. వాళ్ళలో ఎంత పెద్దమనిషి ఉన్నా పెళ్ళివారికి తెలియదు. పాటలూ అంతే అంటాడు జుమానా. ఆ నెలంతా ఎవరు ఏ పాట ఎక్కించుకోవడానికి వచ్చినా, వాళ్ళు అడిగినవాటితో పాటు అడగని ఆల్బం ఒకటి ఉచితంగా కార్డులో దూర్చి పంపుతాడు. కొందరు ఇంటికెళ్ళి విని తిట్టుకుంటారు. కొందరు మర్నాడు వెతుక్కుంటూ వచ్చి, "ఇది ఎవరిది?" అని అడుగుతారు. ఆ రెండో రకం మనిషి ఏడాదికి ఒక్కడు వచ్చినా చాలు, జుమానా ఆ రోజు, ఒకే ఆకుతో మూడుసార్లు కాచే మా టీ మూడు విడతలూ అందరికీ తన ఖర్చు మీదే తాగిస్తాడు.

ఈ పిచ్చి వెనక ఒక పాత తప్పు ఉంది. క్యాసెట్ల కాలంలో బాలాఫోన్ అనే చెక్కపలకల వాద్యం వాయించే మనిషి ఒకడు పల్లెనుంచి నడిచి వచ్చి ఇరవై క్యాసెట్లు ఇచ్చిపోయాడు. ఎవరూ అడగలేదని జుమానా వాటిని బల్ల కిందకి తోసేశాడు. మూడేళ్ళ తర్వాత బల్ల మారుస్తుంటే బయటపడ్డాయి. ఒకటి పెట్టి, రెండు వైపులా ఆగకుండా విన్నాడు. ఆ పూటే బస్సెక్కి ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్ళాడు. అతను పోయి అప్పటికి రెండేళ్ళు. వినకుండా ఎవరి పాటనీ బల్ల కిందకి తోయనని ఆ ఊరి పొలిమేరలో నిలబడి అనుకున్నాడు, ఇప్పటిదాకా ఆ మాట తప్పలేదు.

ఆ ఏడాది డిసెంబరులో కుర్చీ దొరకనివి ఆరు తేలాయి. అయిదు విన్నాడు, బాగున్నాయి. ఆరోదాని పేరు "బావి దగ్గర". పాడినామె మస్సిటాన్ జారా. అది ఎలా వచ్చిందో అతనికి గుర్తే. మార్చి ఎండల్లో పాతికేళ్ళ అమ్మాయి ఒకతె వచ్చి, చెంగు ముడిలోంచి కార్డు తీసి ఇచ్చి, "ఎవరైనా అడిగితే ఇవ్వండి," అని గబగబా వెళ్ళిపోయింది. బొమ్మ లేదు, ప్రచారం లేదు. ఎవరూ అడగలేదు.

ఏడు పాటలు. రెండు బాలాఫోన్లు, ఒక గొంతు. నీళ్ళు తోడే పాట, బియ్యం చెరిగే పాట, పక్కింటావిడతో పోట్లాడి మళ్ళీ ఉప్పు అడగడానికి వెళ్ళే పాట. ఆ గొంతులో ఎక్కడా నన్ను చూడండి అనే తాపత్రయం లేదు. పనిలో ఉన్న మనిషి తనకోసం పాడుకుంటుంటే గోడవతల నుంచి విన్నట్టుంది. మధ్యాహ్నం అతని భార్య నాఫీ ఖాళీ గిన్నె కోసం వచ్చి చూస్తే, జొన్న సంకటి పెట్టింది పెట్టినట్టే ఉంది, బెండకాయ పులుసు మీద ఈగలు వాలుతున్నాయి.

"ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?"

"నాఫీ, ఇది తొమ్మిది నెలలుగా నా దగ్గర ఉందే. తొమ్మిది నెలలు!" అన్నాడు జుమానా. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. మళ్ళీ అదే తప్పు చేయబోయానన్న భయం అది.

ఈ అమ్మాయి పాట ఊరంతా వినాలి, ఏడాది గడిచేలోపు వినాలి. అదొక్కటే అతని పట్టుదల. దానికి దారి పేరులోనే దొరికిందని సంబరపడ్డాడు. జారా!

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డెంబెలేలకీ జారాలకీ తాతముత్తాతల నాటినుంచి వేళాకోళపు చుట్టరికం. ముక్కూ మొహం తెలియని జారా ఎదురైనా సరే, డెంబెలే అన్నవాడు అతన్ని నా పాలేరనవచ్చు, బొబ్బర్లు దొంగిలించి తినే జాతి అనవచ్చు. అవతలివాడు రెండు ఎక్కువ అంటాడే తప్ప కోపం తెచ్చుకోడు. తెచ్చుకుంటే వాడే పరువు తక్కువవాడు. పక్కన టైర్లకి పంక్చర్లు వేసే బాకారీ జారా ఇరవై ఏళ్ళుగా జుమానాని "శుభోదయం" అని పలకరించి ఎరగడు. "ఏం బావా, రాత్రి బొబ్బర్లు అరగలేదా, మొహం అలా ఉబ్బింది?" అంటాడు. జుమానా, "నీ చేలో దొంగిలించినవేగా బావా, పుచ్చులు," అంటాడు. ఆ తర్వాతే ఇద్దరి దుకాణాలూ తెరుచుకుంటాయి.

కాబట్టి జుమానా మైకు పుచ్చుకున్నాడు. బస్సు దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు, నారింజలు అమ్మేవాళ్ళు అందరూ వినేలా మొదలుపెట్టాడు.

"బాబూ, ఈ పాటలు మాత్రం వినకండి! మస్సిటాన్ జారా అంట! మా ఇంట్లో పాలేళ్ళ పిల్ల. నీళ్ళు తెమ్మని బావికి పంపితే అక్కడే కూర్చుని ఏడు పాటలు కట్టింది, ఇంకా కడవ రాలేదు! కడుపునిండా బొబ్బర్లు తిని పాడింది, ఏ చరణంలో ఏ చప్పుడు వస్తుందో నా పూచీ లేదు! విన్నవాళ్ళకి పని చెడిపోతుంది, వంట మాడిపోతుంది. ఊరికే ఇస్తున్నాను, తీసుకుపోయి నా ఇంటి దరిద్రం వదిలించండి!"

బస్టాండు పకపకా నవ్వింది. వినొద్దంటే వినేదే కదా మనిషి బుద్ధి. కార్డులు చాచారు. బాకారీ టైరు వదిలేసి వచ్చి, "మా పిల్ల పాడితే నీకెందుకురా కుళ్ళు! మా ఇంట్లో ఎలకలు కూడా శ్రుతిలో అరుస్తాయి!" అని ఎదురు మొదలుపెట్టాడు. రోజూ ఉదయం ఒక విడత, సాయంత్రం ఒక విడత. బస్సు టిక్కెట్లు రాసే ఫన్తా ఈ జగడాన్ని ఫోనులో పట్టి వాట్సాప్‌లో వదిలింది. వారం తిరిగేసరికి జకార్తా అని పిలిచే మోటారుబండ్ల మీద పోయే కుర్రకారు కూడా నీళ్ళు తోడే పాట ఈలవేస్తూ పోతున్నారు. జుమానా నేల మీద నడవడం లేదు.

పదో రోజు ఆమె వచ్చింది. తలమీద ముసుగు కళ్ళదాకా లాక్కుని ఉంది. జుమానా గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. "ఓ జారా తల్లీ! వచ్చావా? కడవ ఏదీ..." అని మొదలుపెట్టాడు.

"నేను జారాని కాదు," అంది ఆమె. "మా ఇంటిపేరు మైగా."

లేచి నిలబడ్డ జుమానా మళ్ళీ కూర్చున్నాడు.

"మస్సిటాన్ జారా మా అమ్మమ్మ. ఆమె పేరే నాకు పెట్టారు. చిన్నప్పటినుంచి ఇంట్లో ఆమెని పిలిచినట్టే నన్నూ నిండుగా మస్సిటాన్ జారా అని పిలిచేవాళ్ళు, ముద్దుకి. ఆ పేరు పెట్టుకుని పాడాను. మా నాన్నగారు అల్హుసేని మైగా."

"మాస్టారా?" అన్నాడు జుమానా. ఊళ్ళో సగంమందికి అక్షరాలు నేర్పినాయన.

"మాస్టారే. మా నాన్న తరపున పాడటమంటే తరతరాలుగా పాటే వృత్తైన జేలీల ఇళ్ళవాళ్ళు చేసే పని, మనం చేసేది కాదంటారు. అందుకే ఆయనకి తెలియకుండా పాడాను. నిన్న భోజనం దగ్గర ఎవరో స్నేహితుడు వచ్చి ఫోను వినిపించాడు. 'మాస్టారూ, ఇది మీ అమ్మాయి గొంతులా లేదూ?' అని. ముందు మీ మాటలు వచ్చాయి. పాలేళ్ళ పిల్ల, దొంగతిండి, ఏ చప్పుడు వస్తుందో. ఆ తర్వాత నా పాట." ఆమె ముసుగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. "నాన్న పళ్ళెం పక్కకి జరిపి లేచి వెళ్ళిపోయారు. ఇవాళ్టిదాకా నాతో మాట్లాడలేదు. బాలాఫోన్ వాళ్ళకి ఇక రావద్దని చెప్పేశాను. అయిపోయింది. మీరు ఆ పాటలు తీసేయండి."

మైగాలకీ డెంబెలేలకీ ఏ వేళాకోళమూ లేదు. జారాకైతే దీవెన అయ్యే మాట, మైగాకి తిట్టు. అదీ మామూలు తిట్టు కాదు, బస్టాండు మైకులో ఇరవైసార్లు తిట్టిన తిట్టు. ఈ దేశంలో కొత్తమనిషికి మంచినీళ్ళిచ్చే ముందు కూడా ఇంటిపేరు అడుగుతారు. పసిపిల్లలకి తెలిసిన మర్యాద. జుమానా అడగలేదు, కార్డులో ఉన్న పేరు చదివి ఊరుకున్నాడు. అందులో జారా అని కనిపించగానే ఇంకేం అడగాలి అనుకున్నాడు.

"తీసేస్తానమ్మా," అన్నాడు. ఆమె చూస్తుండగానే ల్యాప్‌టాప్‌లోంచి ఏడు పాటలూ తీసేశాడు. "ఊళ్ళో కార్డుల్లోకి ఎక్కినవి మాత్రం నేను తీయలేను తల్లీ. నోట్లోంచి వెళ్ళినవీ తీయలేను. తప్పు నాది."

ఆమె తలూపి, ముసుగు సర్దుకుని వెళ్ళిపోయింది. జుమానా ఆ పూట మైకు ముట్టుకోలేదు.

ఇంటికెళ్ళి చెబితే నాఫీ చీపురు పక్కన పడేసింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా? ఆ పిల్ల గుట్టుగా పాడుకుంటే గుట్టుగానే పదిమందికి ఇవ్వకూడదూ? నీకు నవ్వించకపోతే అన్నం అరగదు!"

"మంచే చేద్దామనుకున్నానే."

"అనుకున్నావులే. ఇప్పుడు ఆ పిల్ల నోరు మూసుకుపోయింది. అది తెరిపించే పని చూడు. మాస్టారి దగ్గరికి వెళ్ళు."

"నేనెలా వెళ్ళను? తిట్టినవాడు గుమ్మంలో నిలబడితే ఇంకో తిట్టులా ఉండదూ? మధ్యన ఒక మనిషి ఉండాలి."

"మాస్టారి భార్య, పోయినావిడ, ఏ ఇంటి పిల్ల? జారాల పిల్లే కదా? అంటే జారాలు ఆయనకి అత్తవారు. అత్తవారి తరపు మనిషి వస్తే మాస్టారు కాదనలేడు. ఇక ఇరవై ఏళ్ళుగా నువ్వు తిట్టుకుంటున్న జారా ఒకడు పక్కనే పంక్చర్లు వేసుకుంటూ ఉన్నాడు," అంది నాఫీ. కొంతమంది ఆడవాళ్ళు దేశాలు ఏలవలసినవాళ్ళు, చీపుర్లు పట్టుకుని ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే జుమానా బాకారీ ముందు నిలబడ్డాడు. బాకారీ టైరులో గాలి చూస్తూ, "ఏం బావా, బొబ్బర్లు..." అన్నాడు. జుమానా నవ్వలేదు. జరిగింది చెప్పాడు. వేళాకోళపు చుట్టం సంధి చేయమని అడిగితే కాదనకూడదు, అదీ మా పెద్దలు పెట్టిన కట్టుబాటే. బాకారీ కాదనలేదు. కానీ ఊరికే అవుననేస్తే అతను జారా ఎలా అవుతాడు?

"వస్తాను. కానీ ముందు నువ్వు ఆ ఫన్తా పక్కన బొబ్బర్లు అమ్మే ఆవిడ దగ్గర ఒక పెద్ద పళ్ళెం కొనుక్కుని, ఈ నడిబజారులో, అందరూ చూస్తుండగా, అడుగుదాకా తినాలి. తిని, 'బాకారీ బావా, బొబ్బర్లంటే నాకు ప్రాణం' అనాలి. మైకులో."

ఇరవై ఏళ్ళుగా జుమానా బజారులో బొబ్బరిగింజ ముట్టి ఎరగడు. ఇంట్లో తలుపు వేసుకుని తినేవాడు, అది నాఫీకే తెలుసు. ఆ ఉదయం బల్ల మీద పళ్ళెం పెట్టుకుని, ఉల్లిపాయ, నూనె కలిపి, చివరి గింజదాకా తిన్నాడు. బస్సు బయలుదేరవలసిన వేళ దాటినా డ్రైవరు కదలలేదు. ఆఖర్న మైకు తీసుకుని అనవలసిన మాట అన్నాడు. బాకారీ కళ్ళు తుడుచుకుంటూ, "ఇక చచ్చిపోయినా ఫరవాలేదు. పద బావా," అన్నాడు.

క్షమాపణ అడగడానికి పట్టుకెళ్ళే కోలా గింజలు పది ఆకులో చుట్టుకుని ఇద్దరూ సాయంకాలపు అసర్ నమాజు తర్వాత మాస్టారి ఇంటికి వెళ్ళారు. మామిడిచెట్టు కింద చాప పరిచి ఉంది. మాస్టారు సన్నగా, పొడుగ్గా, పాదాలదాకా వదులుగా వేలాడే తెల్లటి బూబూ తొడుక్కుని కూర్చుని ఉన్నాడు. మంచినీళ్ళు ఇప్పించాడు. తాగారు. మస్సిటాన్ లోపలి గుమ్మంలో నీడలా నిలబడింది.

బాకారీ కోలా ముందుకు జరిపాడు. బజారులో అరిచే మనిషేనా అన్నంత నెమ్మదిగా మాట్లాడాడు. "మాస్టారూ, మీ అత్తవారి తరపున వచ్చాను. ఈ మనిషి మా అమ్మాయనుకుని మీ అమ్మాయిని అన్నాడు. మమ్మల్ని అనే హక్కు ఇతనికి ఉంది. మిమ్మల్ని అనే హక్కు లేదు. ఆ తేడా చూసుకోలేదు. ఆ మాటలన్నీ మా మీదికే తీసుకుంటున్నాం, మాకు అలవాటే. మీరు క్షమించాలి."

జుమానా తలవంచుకుని, "మాస్టారూ, తప్పు నాది. అమ్మాయిది ఏమీ లేదు. ఆమెని పాడుకోనివ్వండి," అన్నాడు.

మాస్టారు కోలా వంక చూశాడు, ముట్టుకోలేదు. తర్వాత జేబులోంచి ఒక చిన్న ఫోను తీశాడు.

"ఈ ఫోనులో నాకు ఖురాన్ పారాయణం ఎక్కించి తెమ్మని పక్కింటాయనకి ఇచ్చాను. మీ దగ్గరికే తెచ్చాడట. పారాయణం వచ్చింది. వెనకే ఈ 'బావి దగ్గర' కూడా వచ్చింది. నేను అడగలేదు. మొదటిరోజు తీసేద్దామనుకున్నాను, ఎలా తీయాలో తెలియలేదు." ఆయన పెదవి చివర ఏదో కదిలింది. "రెండోరోజు విన్నాను. ఎనిమిది రోజులు, రోజూ పొద్దున్నే విన్నాను. ఎవరీ జారాల పిల్ల, అచ్చం మా అత్తగారు పాడినట్టు పాడుతోంది అనుకున్నాను. నా పెళ్ళైన కొత్తలో ఆవిడ బావి దగ్గర పాడుతుంటే నేను పుస్తకం మూసేసి వినేవాణ్ణి. నా భార్యకి కూడా ఆ గొంతు రాలేదు. ఎవరికో పరాయిపిల్లకి వచ్చిందే అని కాస్త అసూయ కూడా పడ్డాను."

గుమ్మంలో చప్పుడైంది. మస్సిటాన్ చాప అంచుదాకా వచ్చింది.

"మీ వేళాకోళం నాకు తెలియదా జుమానా? ఉత్తరాది నుంచి వచ్చి నలభై ఏళ్ళు ఈ దక్షిణాన బతికాను. బజారులో మీ మైకు విని, ఎవరి పిల్లో అనుకుని నేనూ నవ్వాను. అది నాకు తిట్టులా తగల్లేదు." మాస్టారు కూతురివైపు తిరిగాడు. "నాకు తగిలింది ఒక్కటే. నా కూతురు పాడింది, నా ఇంటిపేరు చెప్పుకోలేదు. నేను పరాయిదనుకుని మెచ్చుకున్నాను. ఎందుకమ్మా?"

"మీరు వద్దంటారని నాన్నా."

"నేను అన్నానా?"

"తాతయ్య అనేవారుగా."

"నేను మీ తాతని కాదే! నువ్వు అడిగావా నన్ను? ఒక్కసారి అడిగి చూశావా?" ఆయన గొంతు మొదటిసారి పెద్దదైంది, వెంటనే తగ్గింది. "అడగాలనిపించనంత దూరంలో కూర్చున్నానేమో. అది నా తప్పు. మొన్న అన్నం దగ్గర లేచి వెళ్ళింది నీ మీద కోపంతో కాదు. ఏడుపొచ్చింది. ఈ వయసులో స్నేహితుడి ముందు ఏడవలేక వెళ్ళాను."

మస్సిటాన్ కూర్చుని ఆయన మోకాలి మీద నుదురు ఆనించింది. బాకారీ జారా, బజారులో సింహం, అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

కాసేపటికి మాస్టారు కోలా చుట్ట విప్పి ఒక గింజ తీసుకుని మూడు ముక్కలు చేశాడు. క్షమించినట్టే. ఆపైన ఫోనులోంచి కార్డు గోటితో పైకి లేపి జుమానా చేతిలో పెట్టాడు. "మీ దగ్గర తీసేశారట. ఇందులో ఉంది, మళ్ళీ ఎక్కించుకోండి. ఒక్క షరతు. అదే మైకులో, నా ఇంటిపేరుతో చెప్పాలి. మన మధ్య వేళాకోళం లేదు, అందుకని ఆ దారి వద్దు. మామూలుగా చెప్పండి."

జుమానా సరేనని వచ్చేశాడు గాని, దారిలోనే చిక్కు తెలిసొచ్చింది. మామూలుగా ఎలా చెప్పాలి? ముప్పై ఏళ్ళ వ్యాపారంలో అతను దేన్నైనా మెచ్చుకున్నది తిట్టే. జారాలవైతే పాలేరు పాటలు, ముసలివాళ్ళవైతే పళ్ళు లేని పాటలు, కుర్రాళ్ళవైతే పాలు తాగే పాటలు. సూటిగా మెచ్చుకోవడం అతనికి చేతకాదు.

"బాగున్నాయి అను. సరిపోతుంది," అంది నాఫీ.

"బజారులో ప్రతివాడూ తన సరుకు బాగుందనే అరుస్తాడు. పుచ్చిన నారింజలవాడు అందరికన్నా గట్టిగా అరుస్తాడు. ఎవడు నమ్ముతాడే?"

"నువ్వు నమ్ముతున్నావుగా? నమ్మినట్టు అను. నోటికి అలవాటు లేకపోతే నా మీద అలవాటు చేసుకో. ముప్పై ఏళ్ళు వండి పెట్టాను, బాగుందని ఒక్కసారి అన్నావా?"

జుమానా గిన్నెవంక చూశాడు, భార్యవంక చూశాడు. "బాగుందే," అన్నాడు, చెవులు ఎర్రబడుతుండగా.

"ఆ, వచ్చింది. రేపు కొంచెం గట్టిగా," అంది నాఫీ. ముసిముసిగా నవ్వుకుంటూ అతని సంకటిలో ఇంకో గరిటె పులుసు పోసింది.

శుక్రవారం సంతరోజు. బస్టాండు కిటకిటలాడుతోంది. మస్సిటాన్ ముసుగు లేకుండా వచ్చి బాకారీ టైర్ల పక్కన నిలబడింది. బాలాఫోన్ వాళ్ళకి కబురు పెట్టానని, ఆదివారం వస్తున్నారని, కొత్తవి రెండు పాటలు మొదలయ్యాయని బాకారీతో చెబుతోంది. చెబుతున్నదే గాని చేతులు ఒక చోట నిలవడం లేదు. ఈ పది రోజులూ ఊరు ఆమె పాటకి నవ్వింది, ఈలవేసింది. పాట ఎలా ఉందో ఆమె మొహం చూసి ఎవరూ చెప్పలేదు.

జుమానా మైకు తీసుకోగానే జనం మూగారు. ఫన్తా ఫోను పైకెత్తింది. నవ్వడానికి నోళ్ళు సిద్ధంగా ఉన్నాయి.

"మస్సిటాన్ మైగా," అన్నాడు జుమానా. గొంతు అరువు తెచ్చుకున్నట్టుంది. "అల్హుసేని మాస్టారి అమ్మాయి. నేను ఇంటిపేరు తప్పు చెప్పాను, తప్పు మాటలన్నాను. క్షమించాలి. ఏడు పాటలు. అన్నీ విన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు." అతను ఆగాడు. ఎవరో, "ఊఁ, ఆ తర్వాత?" అన్నారు. జనం కాచుక్కూర్చున్నారు, ఇప్పుడు పేలుతుంది జోకు అని. జుమానా నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఆ తర్వాత ఏమీ లేదు. బాగున్నాయి. ఈ ఏడాది నేను విన్న వాటన్నిట్లోకీ ఇవే బాగున్నాయి. అంతే."

ఎవరూ నవ్వలేదు. పాడు చేశానురా అనుకున్నాడు జుమానా. అప్పుడు నారింజలు అమ్మే ముసలమ్మ గంప కిందపెట్టి, "డెంబెలే నోట మంచిమాట వచ్చిందంటే అందులో ఏదో ఉందే!" అని కొంగుముడి విప్పి కార్డు తీసింది. ఆమె వెనక ఫన్తా. ఫన్తా వెనక డ్రైవరు. వరుస టైర్ల కొట్టు దాటింది.

జుమానా మొదటి కార్డు డబ్బాలో దూరుస్తుంటే మస్సిటాన్ బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. వీధి చివర, తెల్ల బూబూ ఎగరకుండా ఒక చేత్తో పట్టుకుని, జనంలోంచి దారి చేసుకుంటూ మాస్టారు వస్తున్నాడు.

"పెద్దయ్యా," అంది, "నాన్న ఇప్పుడే వస్తున్నారు. ఆయన వినలేదు. ఇంకొక్కసారి చెప్పరూ?"

జుమానా మళ్ళీ మైకు తీసుకున్నాడు.